పంకా మార్చిన తరువాత అవుట్‌బోర్డు మోటారులో శబ్దం వస్తే

బోటు వెనుక బయట బిగించే అవుట్‌బోర్డు మోటారుకు అరిగిపోయిన పంకాను, అంటే ప్రొపెల్లర్‌ను, తీసి కొత్తది బిగించి బోటును నీటిలోకి దింపగానే అంతవరకు లేని గరగర శబ్దమో, వణుకో, సన్నని కూతో మొదలైతే చాలామంది ముందుగా ఇంజిన్‌నే అనుమానిస్తారు. నిన్నటివరకు సవ్యంగా నడిచిన మోటారులో మారినది పంకా ఒక్కటే కనుక, వెతకడం కూడా అక్కడి నుంచే, ముఖ్యంగా దానిని బిగించిన తీరు నుంచే మొదలుపెట్టాలి. బారువ, కళింగపట్నం వైపు గాని, విజయనగరం జిల్లాలో కోనాడ, చింతపల్లి వైపు గాని, చిన్న ఫైబర్ బోట్లు ఇసుక ఒడ్డు నుంచే అలలను దాటి లోపలికి వెళ్తాయి. మహేంద్రతనయ, వంశధార, చంపావతి కడలిలో కలిసే చోట్ల ఇసుక మేటలు కూడా ఉంటాయి. అందువల్ల పంకా దెబ్బ తినడం ఇక్కడ మామూలే, దానిని ఒడ్డు మీదనే మార్చడమూ మామూలే. ఆ మార్పిడిలో ఒక వాషరు ఇసుకలో పడిపోవడానికి క్షణం పట్టదు కనుక, పని మొదలుపెట్టే ముందు మోటారు కింద ఒక టార్పాలిన్ పరచుకోవడం మంచిది.

పంకా మీద చెయ్యి వేసే ముందు ఇంజిన్ ఆపి, గేరును న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్‌ను వెంటనే ఆపే కిల్ స్విచ్చు తాడు క్లిప్పును తీసివేసి, స్పార్క్ ప్లగ్గు తీగను కూడా ఊడదీయాలి. చేతితో పంకాను తిప్పినప్పుడు గేరు పడి ఉంటే చిన్న ఇంజిన్ అనుకోకుండా అంటుకునే అవకాశం ఉంది. ఈ జాగ్రత్త తీసుకోనివాడు తక్కిన సలహాలేవీ చదవనక్కరలేదు.

ఇప్పుడు నట్టు విప్పి, విడిభాగాలను వచ్చిన వరుసలోనే టార్పాలిన్ మీద పేర్చండి. ఎనిమిది, పది హార్స్‌పవర్ మోటార్లలో సాధారణంగా గేరు బాక్సు వైపు ఒక మందపాటి థ్రస్టు వాషరు, తరువాత పంకా, దాని వెనుక ఒక స్పేసరు, సన్నని వాషరు, నట్టు, చివర ఆ నట్టు ఊడిపోకుండా ఆపే కాటర్ పిన్ను ఉంటాయి. పంకా తోపునంతా షాఫ్టుకు అందించేది ఆ థ్రస్టు వాషరే. దానికి ఒక వైపు ఏటవాలు కోత ఉంటుంది; ఆ వైపు ఎటు ఉండాలన్నది మోటారును బట్టి మాన్యువల్ చూసి నిర్ధారించుకోవాలి. పాత పంకాను లాగినప్పుడు గ్రీజుతో దాని మొదలుకు అంటుకుని ఈ వాషరు కూడా బయటకు వస్తుంది. అది పాతదానితోపాటు మూలకు చేరితే, కొత్త పంకా మరీ ముందుకు జరిగి, ముందు గేరు వేయగానే దాని బొడ్డు, అంటే రెక్కలు అతికి ఉండే నడిమి భాగం, గేరు బాక్సును ఒరుసుకుంటుంది. పంకా మార్చిన వెంటనే వినిపించే గరగరకు నేను మొట్టమొదట అనుమానించేది దీనినే. ఒరుసుకున్న చోట రంగు పోయి, మెరిసే గుండ్రని గీత కనిపిస్తుంది కనుక పోల్చుకోవడం కష్టం కాదు.

షాఫ్టు పళ్లను శుభ్రంగా తుడిచి, ఉప్పునీటికి తట్టుకునే గ్రీజు పూసి, అన్నిటినీ అదే వరుసలో బిగించాలి. నట్టు కోత కాటర్ పిన్ను రంధ్రానికి ఎదురుగా రాకపోతే, తరువాతి కోత వచ్చేవరకు ఇంకాస్త బిగించాలే తప్ప వెనక్కి వదులు చేయకూడదు. పిన్ను స్థానంలో వంచిన మేకు పెట్టే అలవాటు ఉన్నది గాని, అది తుప్పు పట్టి విరిగితే పంకా మొత్తం నీటి పాలవుతుంది. ఇంకా చిన్న మోటార్లలో పళ్లకు బదులు అడ్డంగా ఒక షియర్ పిన్ను, అంటే గట్టి దెబ్బ తగిలితే తానే తెగిపోయే పిన్ను, ఉంటుంది. అది సరైన కొలతలో లేకపోతే పంకా అటూ ఇటూ కొట్టుకుని టకటక శబ్దం చేస్తుంది.

అమరిక సరిగా ఉన్నా శబ్దం పోకపోతే పంకా కొలతను చూడాలి. బొడ్డు మీదనో రెక్క మీదనో అచ్చు వేసిన రెండు అంకెలలో మొదటిది వ్యాసం, రెండవది పిచ్, అంటే ఒక చుట్టుకు పంకా ముందుకు సాగవలసిన దూరం, రెండూ అంగుళాలలో. వ్యాసం ఎక్కువైతే రెక్కల కొసలు పైనున్న అడ్డపలకకు, అక్కడ బిగించిన జింకు ముక్కకు మరీ దగ్గరగా తిరిగి మోత, వణుకు పుట్టిస్తాయి. పిచ్ తక్కువైతే ఇంజిన్ అవసరానికి మించి తిరిగి, అరిచినట్లు వినిపిస్తుంది. పిచ్‌లో ఒక అంగుళం తేడాకు ఇంజిన్ వేగం నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్ల వరకు మారుతుంది. పూర్తి త్రాటిల్‌లో మాన్యువల్ చెప్పిన పరిమితిని దాటకూడదు; చాలా చిన్న ఫోర్-స్ట్రోక్ మోటార్లకు అది నిమిషానికి 5000, 6000 చుట్ల మధ్య ఉంటుంది.

ఇంజిన్ హోరెత్తుతూ బోటు మాత్రం ముందుకు సాగకపోతే కారణం రెండింటిలో ఒకటి. మోటారు మరీ ఎత్తున ఉండి పంకా పైనుంచి గాలిని లాగుతూ ఉండవచ్చు. అడ్డపలక బోటు అడుగుకు సమానంగా గాని, దాదాపు ఒక అంగుళం కిందకు గాని ఉండాలి. లేదా పంకా లోపలి రబ్బరు బుష్ పట్టు తప్పి జారుతూ ఉండవచ్చు. లోపలి ఇత్తడి గొట్టం మీదుగా బయటి బొడ్డు వరకు రంగుతో ఒక గీత గీసి, కొంత దూరం నడిపి చూస్తే, గీత రెండుగా విడిపోయిందంటే బుష్ జారుతున్నట్లే. గాలిని లాగడమైతే మలుపు తిప్పినప్పుడు, అల మీద ఎగిరినప్పుడు ఎక్కువగా, త్రాటిల్ తగ్గించగానే మాయమయ్యేలా ఉంటుంది.

వణుకే ప్రధానమైతే ఒక పుల్లను రెక్క కొసకు దగ్గరగా కదలకుండా పట్టుకుని, న్యూట్రల్‌లో పంకాను చేతితో మెల్లగా తిప్పండి. రెక్కలన్నీ పుల్లకు ఒకే దూరంలో సాగిపోవాలి. ఒక్క రెక్క మాత్రమే తేడాగా ఉంటే పంకాదే లోపం, కొత్తదైనా సరే. షాఫ్టు కొస కూడా ఊగుతూ ఉంటే షాఫ్టే వంగింది; బహుశా పాత పంకాను విరగ్గొట్టిన దెబ్బకే వంగి ఉంటుంది. ఒకానొక వేగంలో మాత్రమే వినిపించే సన్నని కూత రెక్కల వెనుక అంచున నీరు సుడి తిరగడం వల్ల పుట్టేది. చెవికి ఇబ్బందే తప్ప మోటారుకు పెద్దగా హాని లేదు.

ఇంతవరకు తేలకపోతే పాత పంకాను, అది నడిచే స్థితిలో ఉంటే, తిరిగి బిగించి నడపండి. శబ్దం పోతే కొత్తదాన్ని దుకాణానికి తీసుకువెళ్లవచ్చు. పోకపోతే పంకాను, థ్రస్టు వాషరును తీసివేసి, నీరు లాక్కునే రంధ్రాలు పూర్తిగా మునిగేలా డ్రమ్ములో మోటారును నిలిపి, నెమ్మది వేగంలోనే గేరు వేసి వినండి. నీరు లేకుండా నడిపితే కొద్దిసేపటికే నీటి పంపు రబ్బరు రెక్కలు మాడిపోతాయి. పంకా లేకుండా కూడా గేరు పడగానే గరగరమంటే లోపం గేరు బాక్సులో ఉంది.

అప్పుడు కింది ప్లగ్గు విప్పి నూనెను చూడాలి. నూనె పాలలా తెల్లబారితే నీరు చేరినట్లు. పంకా వెనుక షాఫ్టుకు చుట్టుకున్న నైలాన్ వల దారం సీలును కోసివేయడం దీనికి తరచు కారణం, కనుక పంకా తీసిన ప్రతిసారీ అక్కడ దారం పోగులను వెతికి తీయాలి. ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దానికి బూడిద రంగు మెత్తని పొడి అంటుకోవడం సహజమే. వేలికి తగిలే లోహపు ముక్కలుంటే గేరు పళ్లు విరుగుతున్నాయి, ఆ మోటారును మెకానిక్కు చూపేవరకు నడపకూడదు. సీలు, గేరు పనులకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలం అనువైనది గాని, నీరు చేరిన గేరు బాక్సును అంతవరకు వాయిదా వేస్తే బేరింగులు తుప్పు పట్టి ఖర్చు పెరుగుతుంది. కొత్త నూనెను కింది రంధ్రం నుంచే, పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా బయటకు వచ్చేవరకు ఎక్కించి, ముందు పైదానిని, తరువాత కిందిదానిని మూయాలి.