దారానికి కట్టి తిప్పిన వస్తువు: జవాబు ఎక్కడ తప్పుతోంది?

వృత్తాకార చలనం లెక్క కీతో సరిపోవడం లేదని దిల్‌సుఖ్‌నగర్‌లో నా దగ్గరికి వచ్చే ఇంటర్ విద్యార్థుల నోట్సులో నేను ముందుగా చూసేది సమీకరణాలను కాదు, బొమ్మను. దాదాపు ప్రతి బొమ్మలోనూ దారం, గుండు, బరువు చక్కగా ఉంటాయి కానీ, వృత్త కేంద్రం ఎక్కడుందో చెప్పే చుక్క గానీ, త్వరణం ఎటు ఉందో చెప్పే బాణం గానీ ఉండవు. పది సెకన్లు పట్టే ఈ పనిని వదిలేసి గంటసేపు సూత్రాలు తిరగేసే పిల్లలను ఏళ్ల తరబడి చూస్తున్నాను కాబట్టి, కింద చెప్పినదంతా ఆ చుక్క, ఆ బాణం పెట్టిన తర్వాతే చదవమని కోరుతున్నాను. న్యూటన్ రెండో నియమం, బలాన్ని అంశాలుగా విడదీయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: తన్యత (దారం లాగే బలం) వస్తువు బరువు కన్నా తక్కువ వస్తోంది

ఇది కానికల్ పెండ్యులమ్ లెక్కల్లో, అంటే గుండు క్షితిజ సమాంతర వృత్తంలో తిరుగుతూ దారం శంకువు ఆకారాన్ని గీసే చోట కనిపిస్తుంది. 200 గ్రాముల గుండు, 1 మీటరు దారం, నిలువు రేఖతో 60 డిగ్రీల కోణం, గురుత్వ త్వరణం 10 అనుకుందాం. విద్యార్థి టి = ఎంజీ కాస్ తీటా (టి తన్యత, ఎంజీ బరువు, తీటా ఆ కోణం) అని రాసి 1 న్యూటన్ తెస్తాడు, కీలో 4 న్యూటన్లు ఉంటుంది. గుండు బరువే 2 న్యూటన్లు. దాన్ని కింద పడకుండా పట్టుకున్నది ఆ ఏటవాలు దారం ఒక్కటే అయినప్పుడు, దాని తన్యత 1 న్యూటన్ ఎలా అవుతుందని ఎవరూ ఆగి అడగరు.

మీ జవాబును కీలోని జవాబుతో భాగించి చూడండి. సరిగ్గా కాస్ స్క్వేర్ తీటా వస్తే కారణం ఇదే, ఇంకెక్కడా వెతకనక్కరలేదు. ఇక్కడ 60 డిగ్రీలు కాబట్టి నాలుగో వంతు వచ్చింది. కోణం 10 డిగ్రీలైతే తేడా మూడు శాతమే కాబట్టి, గుణకారంలో సర్దుబాటు అనుకుని దాటిపోతారు. తప్పు అక్కడ దాక్కుని, పెద్ద కోణం ఇచ్చిన పరీక్షలో బయటపడుతుంది.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక వారాంతపు పరీక్షలో ఇదే తప్పు చేసి, అంశాలు సరిగానే విడదీశాను కదా అని సాయంత్రమంతా మా సారుతో వాదించాను. నిజానికి విడదీయడంలో తప్పు లేదు. వాలు తలం మీద అభిలంబ ప్రతిచర్య ఎంజీ కాస్ తీటా, లఘు లోలకం అంచున ఒక్క క్షణం ఆగినప్పుడు తన్యత ఎంజీ కాస్ తీటా. ఆ రెండూ నిజాలే. చేతికి అలవాటైన ఆ సమీకరణాన్నే ఇక్కడా రాసేశాను. కానీ ఒక దిశలో బలాలు సమానమని రాసే ముందు ఆ దిశలో త్వరణం లేదని తేల్చుకోవాలి. అంచున ఆగిన లోలకానికి దారం వెంబడి త్వరణం సున్నా. తిరుగుతున్న గుండుకు త్వరణం అడ్డంగా వృత్త కేంద్రం వైపు, అంటే జీ టాన్ తీటా, ఇక్కడ 17.32. అందులో దారం వెంబడి వచ్చే అంశం 15, దాన్ని 0.2తో గుణిస్తే 3 న్యూటన్లు. దారం వెంబడి బరువు అంశం 1 న్యూటన్‌కు ఇది కలిస్తే 4 న్యూటన్లు సరిపోతుంది. ఇన్నాళ్లూ పోగొట్టుకున్నది ఆ మూడు న్యూటన్లనే.

ఇది చేత్తోనే తెలుసుకోవచ్చు. దారానికి తాళంచెవుల గుత్తి కట్టి, 60 డిగ్రీలు పక్కకు లాగి వదలండి. వదిలిన క్షణంలో వేలిని లాగేది సగం బరువే. అదే గుత్తిని అదే కోణంలో గుండ్రంగా తిప్పితే రెట్టింపు బరువు వేలిని కోసినట్టు లాగుతుంది. కోణం ఒకటే, లాగుడు నాలుగింతలు.

పరిష్కారం: బలాలను త్వరణం వెంబడి, దానికి లంబంగా విడదీయండి. లంబ దిశలోనే మొత్తాన్ని సున్నా చేయండి. అప్పుడు టి కాస్ తీటా = ఎంజీ అనేది దానంతటదే వస్తుంది.

సమస్య: తన్యత సరిపోయింది, వడి సరిపోలేదు

వ్యాసార్ధం చోట దారం పొడవు వేశారు. వృత్త కేంద్రం దారం కట్టిన కొక్కెం దగ్గర లేదు, దాని కింద గుండు ఎత్తులో ఉంది, కాబట్టి వ్యాసార్ధం ఎల్ సైన్ తీటా. పై లెక్కలో అది 0.866 మీటర్లు, వడి సుమారు 3.87 మీటర్లు ప్రతి సెకనుకు. నాంపల్లి నుమాయిష్ వంటి చోట గొలుసులకు వేలాడే కుర్చీల రంగులరాట్నం మీద లెక్క ఇస్తే, నడిమి స్తంభం నుంచి గొలుసు కట్టిన చోటు వరకు ఉన్న దూరాన్ని కూడా కలపాలి.

సమస్య: నిలువు వృత్తంలో కనీస వడి తేడాగా వస్తోంది

ప్రశ్నలో దారమా, తేలికైన కడ్డీయా అని మళ్లీ చదవండి. దారమైతే పైన వడి కనీసం రూట్ జీఎల్, కింద రూట్ 5 జీఎల్ ఉండాలి. కడ్డీ వస్తువును కింది నుంచి మోయగలదు కాబట్టి పైన సున్నా, కింద రూట్ 4 జీఎల్ చాలు. వస్తువు గురుత్వానికి వదిలేసి తిరుగుతుంటే కింది తన్యతకూ పై తన్యతకూ తేడా ఎప్పుడూ 6 ఎంజీ. మీకు 2 ఎంజీ వచ్చిందంటే రెండు చోట్లా ఒకే వడి వేశారన్న మాట.

తన్యత, బరువులతో పాటు అభికేంద్ర బలాన్ని కూడా వేరే బాణంగా గీసి ఉంటే చెరిపేయండి. అది కొత్త బలం కాదు, ఉన్న బలాల ఫలితానికి పెట్టిన పేరు.

మిగిలిన కారణాలు అరుదు. నిమిషానికి 120 చుట్లు అంటే సెకనుకు 4 పై రేడియన్లు, సెంటీమీటర్లను మీటర్లుగా మార్చాలి, దారం బరువు, గాలి నిరోధం ప్రశ్నలో చెప్పకపోతే లేనట్టే.