పరాయి దేశంలో పల్లెకు కాపురం మారుస్తున్నారా?

పల్లెకు మారేవాళ్లు ముందుగా బెంగపడేది అక్కడి మనుషులు మనల్ని కలుపుకుంటారా లేదా అని. దానికన్నా ముందు ఇంటి సంగతి చూసుకోండి. తన ఇంటికి నీళ్లెక్కడివో, మురుగు ఎటు పోతుందో తెలియని మనిషి మొదటి గాలివానకే ఇరుగుపొరుగుకు భారమవుతాడు. ఆ సంగతులు అడగడానికే పక్కింటి తలుపు తట్టండి. పని మీద అడిగిన ప్రశ్నకు ఎవరైనా ఓపిగ్గా జవాబిస్తారు, పరిచయమూ అక్కడే మొదలవుతుంది.

బావి లేదా బోరు నీళ్లయితే చేరగానే పరీక్ష చేయించి, ఆపైన ఏడాదికోసారి చేయిస్తూ ఉండండి. కోలిఫాం బాక్టీరియా (నీళ్లలో మురుగు కలిసి ఉండవచ్చని తెలిపే సూక్ష్మజీవులు), నైట్రేట్ రెండూ చూడమనాలి. ఎరువులు చల్లే పొలాల మధ్య బావుల్లోకి నైట్రేట్ దిగుతుంది. లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లతో కలిపిన డబ్బాపాలు తాగే పసిపిల్లలకు ప్రమాదం. మరిగిస్తే బాక్టీరియా చస్తుంది గానీ నైట్రేట్ పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

సెప్టిక్ ట్యాంక్ మూత ఎక్కడుందో, కిందటిసారి ఎప్పుడు తోడించారో ఇల్లు అమ్మినవారినో అద్దెకిచ్చినవారినో అడిగి రాసుకోండి. మామూలు కుటుంబానికి మూడు నుంచి ఐదేళ్లకోసారి తోడించాలి. వంటనూనె, తడి తుడుపు కాగితాలు (వెట్ వైప్స్) అందులోకి పోకూడదు. వారం బట్టలన్నీ ఒకే రోజు ఉతకడం కూడా మంచిది కాదు. ఒక్కసారిగా వచ్చిన నీళ్లు ట్యాంకులో తేరుకోకుండానే మడ్డిని బయటి ఇంకుడు నేలలోకి, అంటే ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకే చోటికి, నెట్టేస్తాయి. ఆ నేల ఒకసారి మూసుకుపోతే బాగుచేయడం చాలా ఖర్చుతో కూడిన పని. దాని మీద బండి నిలపకండి, చెట్లు నాటకండి.

కరెంటు పోతే మోటారూ ఆగుతుంది, కుళాయీ ఆగుతుంది. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున తాగే నీళ్లు, మరుగుదొడ్డికి విడిగా కొన్ని బకెట్లు ఎప్పుడూ నిలవ ఉంచండి. జనరేటర్ కొంటే తలుపులకు, కిటికీలకు కనీసం ఆరు మీటర్ల దూరంలో ఆరుబయటే పెట్టండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటర్ వైరును గోడ ప్లగ్గులో పెట్టి ఇంటికంతా కరెంటు ఇవ్వాలని చూడకండి. ఆ కరెంటు వెనక్కి లైనులోకి పాకి, స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న మనిషిని చంపగలదు.

ఇక మనుషుల సంగతి. పొలం గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే మీరు దాటాక మూసేయండి. మంచి చేస్తున్నామనుకుని తెరిచినదాన్ని మూస్తే అవతలి పశువులకు నీళ్లు అందకపోవచ్చు. గొర్రెలున్న చోట కుక్కను పట్టీ విప్పి వదలొద్దు. అది కరవనక్కర్లేదు, తరిమితే చాలు, చూడిగొర్రెలకు కడుపు పోతుంది. ఆ నష్టాన్ని ఏ పల్లే మరిచిపోదు. మీ స్థలంలోంచి పాత కాలిబాట పోతుంటే కంచె వేసే ముందు దాని మీద ఎవరికి హక్కుందో కాగితాల్లో చూడండి, పక్కవారినీ అడగండి. అడ్డంగా ఉందని కాలువ పూడ్చినా అంతే, మీ ఇల్లు బాగుంటుంది గానీ ఎగువ పొలం మునుగుతుంది.

ఎదురైన బండికి చెయ్యెత్తండి, మనిషి తెలియకపోయినా సరే. ఎవరి గురించీ ఎవరి దగ్గరా తేలిగ్గా మాట్లాడకండి, ఊళ్లో సగం మంది ఒకరికొకరు చుట్టాలే అయివుంటారు. మీ ఇంటిని పాత యజమాని పేరుతోనే ఏళ్ల తరబడి పిలుస్తారు. అందులో అవమానమేమీ లేదు, దారి చెప్పేటప్పుడు మీరూ ఆ పేరే వాడండి. అరువు తెచ్చిన యంత్రాన్ని కడిగి, ఇంధనం నింపి, మాటిచ్చిన రోజుకే తిరిగివ్వండి. బురదలో దిగబడిన మీ కారును లాగినవారి చేతిలో డబ్బు పెడితే కొందరు నొచ్చుకుంటారు. వాళ్లకు మనిషి సాయం కావలసిన రోజు మీరు వెళ్లి నిలబడండి. ఊరి సమావేశాలకు తప్పకుండా వెళ్లండి గానీ, మొదటి ఏడాది మార్పులు సూచించకండి. కుర్చీలు సర్దే పని ఎప్పుడూ ఉంటుంది, అది అందుకోండి. స్వచ్ఛంద అగ్నిమాపక దళం ఉన్న ఊరైతే అందులో చేరడాన్ని మించిన మార్గం లేదు. శిక్షణ వాళ్లే ఇస్తారు, ఆపదలో ఎవరి ఇల్లు ఎక్కడో మీకూ తెలుస్తుంది.

పేడ వాసన, కోతల వేళ రాత్రంతా యంత్రాల మోత, రోడ్డు మీద ట్రాక్టరు వెనక నత్తనడక, ఇవన్నీ అక్కడివాళ్ల బతుకుతెరువు. వాటి మీద ఫిర్యాదు చేయకండి. నిజంగా పేచీ పెట్టుకోవలసిన విషయమే అయితే అధికారులకు రాసే ముందు ఆ మనిషి దగ్గరికే స్వయంగా వెళ్లండి. కోతల రోజుల్లో కాకుండా, వాన పడి పని ఆగిన రోజు చూసుకుని వెళ్తే నిలబడి మాట్లాడే తీరిక వాళ్లకు ఉంటుంది.