హైదరాబాద్ చూడబోయే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ముందుగా వారం చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు కాబట్టి, పాతబస్తీకి ఆ రోజును కేటాయిస్తే ముఖ్యమైనవి చూడకుండానే తిరిగి రావలసి వస్తుంది.

గోల్కొండను ఉదయాన్నే, ఎండ ముదరకముందే ఎక్కాలి. కొండపైన ఉన్న బాలాహిస్సార్ వరకు వందల మెట్లున్నాయి. ఏళ్ల తరబడి నడకకు అరిగి నున్నబడిన రాళ్లమీద మామూలు చెప్పులు జారతాయి కనుక, పట్టున్న బూట్లు వేసుకుని, మనిషికొక నీళ్ల సీసా వెంట ఉంచుకోవడం మంచిది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను పైకి రమ్మని తొందరపెట్టకండి. వారు ఫతే దర్వాజా కప్పు కింద నిలబడి చప్పట్లు కొడితే, పైకి వెళ్లిన పిల్లలకు ఆ శబ్దం వినిపిస్తుంది. నా దృష్టిలో కోట మొత్తంలో అంతకు మించిన ముచ్చట లేదు.

1591 నాటి చార్మినార్ చుట్టూ రద్దీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, పర్సును, ఫోనును ముందు జేబులోనే ఉంచుకోండి. పక్కనే ఉన్న మక్కా మసీదుకు వెళ్లేవారు భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ధరించాలి.

సాలార్‌జంగ్‌లోని సంగీత గడియారం దగ్గరకు గంట కొట్టడానికి పది నిమిషాల ముందే చేరుకోండి. లోపలి నుంచి చిన్న బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టే దృశ్యం ఆలస్యంగా వచ్చినవారికి జనం తలల వెనుక కనిపించదు.