వాతావరణం నేర్చుకుందాం – 5వ పాఠం: గాలి ప్రదక్షిణంగా తిరుగుతోందా, అప్రదక్షిణంగానా?

ముందు పోయిన పాఠంలో అడిగిన ప్రశ్న తేల్చేద్దాం. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చేలో గడ్డి తగలబెడితే పొగ పైకి పోదు. కొబ్బరి చెట్ల తలల ఎత్తు దాకా వెళ్లి అక్కడే అడ్డంగా పరచుకుంటుంది. ఎందుకని అడిగాను.

మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి బాగా చల్లబడుతుంది, పైనున్న గాలి అంతగా చల్లబడదు. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ చల్లగా ఉండాలి, కానీ ఇక్కడ కింద చలి, పైన వెచ్చదనం. చల్లగాలి బరువైనది కాబట్టి కిందే ఉండిపోతుంది, దాంట్లో కలిసిన పొగా అంతే. ఎండెక్కి నేల కాగితేనే ఆ కట్టు విడిపోతుంది. భోగి మంటల పొగ పొద్దెక్కేదాకా ఊరి మీద నుంచి కదలకపోవడానికీ ఇదే కారణం. ఆ పొగలో 2.5 మైక్రోమీటర్ల కంటే సన్నటి రేణువులు ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లిపోతాయి. ఆయాసం ఉన్నవాళ్లు ఆ నెలల్లో ఉదయపు నడకను ఎండ వచ్చేదాకా వాయిదా వేసుకోవడం మంచిది.

అది గాలి ఆడకపోతే వచ్చే చిక్కు. ఇవాళ్టి పాఠం గాలి మరీ ఎక్కువైనప్పటిది.

ఈ పాఠం అయ్యేసరికి మీకు ఒక పని చేతనవ్వాలి. తుపాను రోజున కరెంటు పోయి, టీవీ ఆగిపోయి, ఫోనుకు సిగ్నల్ లేకపోయినా, గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో చూసి తుపాను కేంద్రం మీకు ఏ వైపున ఉందో, అది మీ ఊరికి ఏ పక్కగా పోతోందో చెప్పగలగాలి. డెల్టాలో ఉండేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే వాతావరణ విద్య ఇంకోటి లేదని నా అభిప్రాయం. గాలి ఎంత వేగమో అందరూ చెబుతారు. ఏ దిక్కు నుంచో చెప్పేవాళ్లు తక్కువ. నీళ్లు ఊరిమీదికి వస్తాయా రావా అన్నది మాత్రం ఎక్కువగా దిక్కు మీదే ఆధారపడి ఉంటుంది.

తుపాను అంటే సముద్రం మీద పీడనం బాగా తగ్గిన చోటు. చుట్టూ ఉన్న గాలి అక్కడికి పరుగెత్తుతుంది. కానీ భూమి తిరుగుతోంది కదా, భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న మన వైపు కదిలే గాలి కుడికి మళ్లుతుంది. లోపలికి లాగే పీడనం, పక్కకు నెట్టే భూభ్రమణం, ఈ రెండింటి మధ్య గాలి నేరుగా కేంద్రానికి చేరలేక దాని చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. బంగాళాఖాతంలో ఏ తుపానైనా గడియారం ముల్లుకు ఎదురుగా, అంటే అప్రదక్షిణంగానే తిరుగుతుంది. వరద గోదావరిలో సుడిని చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు: కొట్టుకొచ్చిన చెక్క సుడి చుట్టూ తిరుగుతూనే కొంచెం కొంచెం లోపలికి జరుగుతుంది. నేల దగ్గరి గాలీ అంతే, తిరుగుతూ లోపలికి వాలుతుంది. ఈ వాలు సంగతి తర్వాత పనికొస్తుంది.

సముద్రం పైనీరు దాదాపు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటే తప్ప ఈ యంత్రానికి ఇంధనం దొరకదు. మనకు తుపానులు ఏప్రిల్–మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ ఎక్కువ. రెండో కాలం సార్వా పంట కోతకొచ్చే రోజులే కావడం మన దురదృష్టం.

ఇక అసలు సూత్రం. గాలికి వీపు పెట్టి నిలబడండి. ఎడమ చెయ్యి పక్కకు చాపండి. తుపాను కేంద్రం ఆ చెయ్యి చూపించే వైపున ఉంటుంది. ఇందాక చెప్పిన వాలు వల్ల సరిగ్గా పక్కకు కాకుండా కొంచెం ముందుకు, ఒక 20–30 డిగ్రీలు, జరిపితే ఇంకా సరిగ్గా కుదురుతుంది. డచ్చి శాస్త్రవేత్త బైస్ బలోట్ 1857లో ప్రకటించిన నియమం ఇదే. అంతకుముందే కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఓడల దినచర్య పుస్తకాల్లో నావికులు రాసుకున్న గాలి దిక్కులను పోగుచేసి, బంగాళాఖాతపు తుపానులు ఎలా తిరుగుతాయో గీసి చూపించారు. మన యానాం పక్కనున్న కోరంగి రేవును 1789లోనూ, 1839లోనూ తుపాను ఉప్పెనలు ముంచేసిన కాలం అది. ఉపగ్రహం లేదు, రాడార్ లేదు. ఉన్నదల్లా దిక్సూచి, గడియారం, కాగితం.

దిక్కులు గుర్తుపట్టడం మీకు నేర్పక్కర్లేదు. వాస్తు పుణ్యమా అని మనవాళ్లలో ఈశాన్యం ఎటో తెలియని ఇల్లు లేదు. ఒకటే జాగ్రత్త: గాలి దిక్కు అంటే అది వచ్చే దిక్కు, పోయే దిక్కు కాదు. ఈశాన్య గాలి అంటే ఈశాన్యం నుంచి వచ్చే గాలి.

ఇప్పుడు అమలాపురంలో ఉన్నామనుకోండి. గాలి ఈశాన్యం నుంచి గట్టిగా వీస్తోంది. దానికి వీపు పెడితే మీ ముఖం నైరుతికి ఉంటుంది. ఎడమ చెయ్యి ఆగ్నేయాన్ని చూపిస్తుంది. ఆగ్నేయాన ఏముంది? బంగాళాఖాతం. తుపాను అక్కడుంది. ఇది మొదటి మెట్టు మాత్రమే. తుపాను గంటకు పది ఇరవై కిలోమీటర్లు కదులుతూ ఉంటుంది కాబట్టి, గాలి దిక్కు ఎలా మారుతోందో చూస్తేనే అసలు కథ తెలుస్తుంది.

గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, తూర్పు నుంచి ఆగ్నేయానికి, ఆపైన దక్షిణానికి మారిందనుకోండి. అంటే ప్రదక్షిణంగా తిరిగింది. ప్రతిసారీ వీపు పెట్టి చెయ్యి చాపి చూడండి: కేంద్రం ఆగ్నేయం నుంచి దక్షిణానికి, నైరుతికి, చివరికి పడమటికి జరుగుతుంది. తుపాను మీకు దక్షిణంగా తీరం దాటి లోపలికి పోయిందన్నమాట. అది వెళ్లే దారికి కుడి పక్కన మీరున్నారు.

అలా కాకుండా ఈశాన్యం నుంచి ఉత్తరానికి, అక్కడి నుంచి వాయవ్యానికి మారితే అప్రదక్షిణం. కేంద్రం మీకు ఆగ్నేయం నుంచి తూర్పుకు, ఈశాన్యానికి పోతోంది. కాకినాడ వైపో, ఇంకా పైకో దాటుతుంది. మీరు ఎడమ పక్కన ఉన్నారు.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. తుపాను ఎప్పుడూ అప్రదక్షిణంగానే తిరుగుతుంది, అందులో మార్పు లేదు. మీ పెరట్లో గాలి దిక్కు మారే తీరు వేరు, మీరు ఏ పక్కన ఉన్నారన్నదాన్ని బట్టి అది అటూ ఇటూ అవుతుంది.

మూడో సంగతి ఒకటుంది. దిక్కు మారదు, గాలి పెరుగుతూ పోతుంది, పీడనం పడిపోతూనే ఉంటుంది. అప్పుడు తుపాను నేరుగా మీ మీదికే వస్తోంది. కేంద్రం మీ మీదుగా పోతే ఉన్నట్టుండి గాలి ఆగిపోతుంది, ఒక్కోసారి నక్షత్రాలు కూడా కనిపిస్తాయి. అది తుపాను కన్ను. పశువుల్ని చూద్దామనో, ఎగిరిన రేకు తెచ్చుకుందామనో ఎవరూ బయటికి వెళ్లకూడదు. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి, అంతే బలంతో గాలి మళ్లీ విరుచుకుపడుతుంది. మొదటి గాలికి వేళ్లు కదిలిన చెట్లు ఈ రెండో గాలికి కూలిపోతాయి.

కుడి, ఎడమ అని ఇంతసేపు ఎందుకు చెబుతున్నానంటే, కోనసీమ తీరం ఇంచుమించు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. సముద్రం మనకు ఆగ్నేయంగా ఉంది. కాబట్టి ఈశాన్య గాలి తీరం వెంబడి పోతుంది. ఆగ్నేయ గాలి సముద్రాన్ని ఊరిమీదికి తోస్తుంది, వాయవ్య గాలి సముద్రాన్ని వెనక్కు తోస్తుంది. గాలి ప్రదక్షిణంగా తిరిగితే మధ్యలో ఆగ్నేయానికి వస్తుంది, అందుకే అప్పుడు ఎక్కువ భయపడాలి. పైగా కుడి పక్కన తుపాను కదిలే వేగం కూడా గాలి వేగానికి తోడవుతుంది. పోటు సమయమూ, పున్నమో అమావాస్యో కలిస్తే ఉప్పెన ఇంకా ఎత్తు పెరుగుతుంది.

నీళ్లు మనిషి ఎత్తు రాకపోయినా నష్టం ఆగదు. సముద్రం రెండు మూడు అడుగులు లేస్తే చాలు, మొగల దగ్గర, అంటే సముద్రంలో కలిసే చోట, మురుగు కాలువల నీరు బయటికి పోవడం మానేసి వెనక్కు తంతుంది. పైన వాన, కింద వెనక్కు తన్నిన నీరు, మధ్యలో కోసి పరిచిన పనలు. ఎడమ పక్కవాళ్లకు ఉప్పెన భయం తగ్గుతుందే కానీ వాన తప్పదు. అందుకని ఎడమ పక్కన ఉన్నామని తెలిసినా చేలో పనలు వదిలేసి కూర్చోవడానికి లేదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీవ్ర తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. పటం తీసి చూడండి: కోనసీమ, కాకినాడ, ఉప్పాడ కుడి పక్కన, మచిలీపట్నం ఎడమ పక్కన. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర దాటినప్పుడు అదే నరసాపురం ఎడమ పక్కకు వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసిన తుపాను గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఎంత గాలి అని కాదు, మొదట ఎటునుంచి వచ్చింది, తర్వాత ఎటు తిరిగింది అని అడగండి. ఆ రాత్రి చూసినవాళ్లలో చాలామందికి ఏ వైపు గోడ ముందు పడిందో గుర్తుంటుంది. దాన్నిబట్టి మీరే కేంద్రం ఎటు పోయిందో గీయవచ్చు.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు కూడా ఈ కుడి ఎడమల లెక్కే. నంబరు పెరిగితే తుపాను బలపడిందని టీవీలు చూసి జనం అనుకుంటారు. పూర్తిగా నిజం కాదు. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం. 5 అంటే రేవు తుపాను దారికి ఎడమన ఉంటుందని, 6 అంటే కుడిన ఉంటుందని, 7 అంటే రేవు మీదుగానో బాగా దగ్గరగానో దాటుతుందని. 8, 9, 10 అదే వరుసలో పెద్ద ప్రమాదం. 11 అంటే తుపాను హెచ్చరిక కార్యాలయంతో సంబంధాలు తెగిపోయాయని, అంతే. 1, 2 దూరాన సముద్రంలో ఉన్నవాటికి. మనం తరచూ వినే 3 రేవుకు ఈదురుగాలుల ముప్పు ఉందని చెప్పేది.

గాలి దిక్కు చూడటంలో మెళకువలు కొన్ని ఉన్నాయి. ఇళ్ల మధ్య, కొబ్బరి తోటలో గాలి సందులు వెతుక్కుని తిరుగుతుంది, దాన్ని నమ్మకండి. చేల మధ్యనో, కాలవ గట్టు మీదో, డాబా మీదో వెదురు గెడకు పాత చీర పేలిక కట్టండి. గాలి ముదరకముందే ఈ పని చేయాలి, ముదిరాక కిటికీలోంచి చూస్తే చాలు. అంతకంటే మంచిది, కిందుగా పరుగెత్తే మబ్బు తునకలు ఎటునుంచి వస్తున్నాయో చూడటం. వాటికి చెట్లూ గోడలూ అడ్డురావు. మబ్బును బట్టి చూసినప్పుడు ఎడమ చేతిని ముందుకు జరపక్కర్లేదు, అక్కడ వాలు తక్కువ.

రెండో పాఠంలో చెప్పిన సముద్రపు గాలి, నేల గాలి ఈ సూత్రాన్ని పాడుచేస్తాయి. మామూలు రోజున మధ్యాహ్నం సముద్రం నుంచి గాలి వస్తే తుపాను అనుకోకూడదు. రాత్రీ పగలూ అనకుండా గాలి ఒకే దిక్కు నుంచి గట్టిగా వస్తుంటేనే చెయ్యి చాపండి.

పీడనం చూడటానికి కొన్ని ఫోన్లలో సెన్సార్ ఉంటుంది. లేని ఫోనులో యాప్ చూపించే అంకె ఇంటర్నెట్ నుంచి తెచ్చింది, మీ ఇంట్లో కొలిచింది కాదు. మన వైపు పీడనం ఏ తుపానూ లేకుండానే రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. తేడా మూడు నాలుగు హెక్టాపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. అందుకని సాయంత్రం అంకెను ఉదయం అంకెతో పోల్చి టెన్షన్ పడకండి, నిన్న ఇదే వేళకు ఎంతుందో దానితో పోల్చండి.

ఒక లెక్క చేద్దాం. ఇది నేను ఊహించి రాసింది. రాజోలు. ఉదయం 6: గాలి ఈశాన్యం, పీడనం 1006. మధ్యాహ్నం 12: తూర్పు ఈశాన్యం, 1002. సాయంత్రం 6: తూర్పు, 997. రాత్రి 10: ఆగ్నేయం, 995. తెల్లవారుజామున 2: దక్షిణం, 1001.

గాలి ప్రదక్షిణంగా తిరిగింది, కాబట్టి రాజోలు కుడి పక్కన ఉంది. కేంద్రం ఆగ్నేయం, దక్షిణం, నైరుతి, పడమర అలా జరిగింది, అంటే నరసాపురం వైపో ఇంకా కిందో దాటింది. మనం చూసిన వేళల్లో పీడనం అన్నిటికంటే తక్కువ ఉన్నది రాత్రి 10కి, కేంద్రం బాగా దగ్గరకు వచ్చింది ఆ ప్రాంతంలోనే. అంతర్వేది తీరానికి గడ్డు వేళ కూడా అదే, గాలి సరిగ్గా సముద్రం మీదుగా వస్తోంది. ఇక్కడొక మాట: తీరం దగ్గరివాళ్లు ఈ లెక్క వేసుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు. తుపాను షెల్టరుకు వెళ్లమన్నప్పుడు ముందు వెళ్లండి, చెయ్యి చాపడం అక్కడి వరండాలోంచి కూడా కుదురుతుంది.

వచ్చే పాఠానికి మీరు చేయాల్సినవి. యానాంలో ఒకాయన పుస్తకంలో ఇలా ఉందనుకోండి: మధ్యాహ్నం 3కి ఈశాన్య గాలి, 1003, రాత్రి 9కి ఉత్తరం, 998, అర్ధరాత్రికి వాయవ్యం, 1000, తెల్లవారి 4కి పడమర, 1004. తుపాను ఎటు దాటింది? యానాంలో గోదావరి నీటిమట్టం ఆ రాత్రి గాలి వల్ల పెరుగుతుందా, తగ్గుతుందా? రెండోది: నరసాపురం దగ్గర తీరం దాటబోయే తీవ్ర తుపానుకు కాకినాడ రేవులో, మచిలీపట్నం రేవులో ఒకే నంబరు ఎగరేస్తారా? ఎందుకు?