డర్బన్‌లో సేవకు వెళ్తున్నారా? అరవై దాటిన దంపతులకు కొన్ని మాటలు

దక్షిణాఫ్రికాలోని క్రైస్తవ సంఘాల నుంచి పిలుపు వచ్చినవాళ్లు మా ఇంటికొచ్చి మొట్టమొదట అడిగేది సామాను గురించి. కందిపప్పు దొరుకుతుందా, కుక్కర్ పట్టుకెళ్లాలా అని. దొరుకుతుంది, పట్టుకెళ్లక్కర్లేదు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అక్కడ మీరెవరు? ఇక్కడ ఇన్నేళ్లూ అయ్యగారు, అమ్మగారు అనిపించుకున్నవాళ్లు అక్కడ అంకుల్, ఆంటీ. సంఘానికి పాస్టర్ గారు ఉంటారు. ఆయనకి మీ పెద్దబ్బాయి వయసు ఉండొచ్చు. ఆయన సంఘాన్ని నడపడానికి మీరు వెళ్లడం లేదు, ఆయనకు తీరిక దొరకని పనులు అందుకోవడానికి వెళ్తున్నారు. ఈ సంగతి భార్యాభర్తలు విమానం ఎక్కకముందే మాట్లాడుకోవాలి, ముఖ్యంగా భర్త పాస్టర్‌గా చేసి రిటైరైన మనిషైతే. అడిగితే తప్ప ప్రసంగానికి లేవకూడదని మావారూ నేనూ కావలిలో ఉండగానే ఒప్పందం చేసుకున్నాం. ఆ ఒక్క ఒప్పందం వల్ల అక్కడ మా రోజులు సాఫీగా గడిచాయి.

రెండో సంగతి, కాస్త చరిత్ర తెలుసుకుని వెళ్లండి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా కూలి ఒప్పందాల మీద నటాల్, అంటే డర్బన్ ఉన్న ప్రాంతానికి వెళ్లారు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్లలో కొన్ని బాప్టిస్టు కుటుంబాలు స్టాంగర్ అనే ఊరి దగ్గర కియర్స్నీ తేయాకు తోటలో పనికి కుదిరాయి. మాకో కాపరిని పంపండి అని వాళ్లు కబురు పెడితే 1903లో జాన్ రంగయ్య గారు కుటుంబంతో ఓడెక్కారు. మిషనరీ అంటే తెల్లదొరే అనుకునే రోజుల్లో ఆయన్ను పంపింది మన తెలుగు బాప్టిస్టు సంఘాలే. ఆ ఏడే కియర్స్నీలో సంఘం ఏర్పడింది. 1915లో ఆయన కన్నుమూశారు. నెల్లూరు వైపు నుంచి వచ్చామని చెప్పి రంగయ్య గారి పేరు తెలియదంటే అక్కడి పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

భాష విషయంలో ఆశలు పెట్టుకోకండి. దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో గౌరవించాల్సిన భాషల్లో తెలుగు పేరు కూడా ఉంది. ఇళ్లల్లో మాత్రం ఇంగ్లీషే. ఆరాధన ఇంగ్లీషులో, సండే స్కూల్ ఇంగ్లీషులో. కాబట్టి ఇంగ్లీషులో ప్రార్థన చేయడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి. వ్యాకరణం తప్పినా ఎవరూ నవ్వరు. ముసలివాళ్లు కొందరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టుకున్న తెలుగు కీర్తనలు తీసుకొచ్చి "ఆంటీ, ఈ రాగం సరిగ్గానే ఉందా?" అని అడుగుతారు. అది చాలా పెద్ద పని. వారంలో ఒక సాయంత్రం దానికే కేటాయించండి.

బయల్దేరే ముందు చేయాల్సినవి గబగబా చెప్పేస్తాను. టూరిస్టు వీసా మీద వెళ్లి సేవ చేయకూడదు. స్వచ్ఛంద, ధర్మకార్యాలకు విజిటర్ వీసాలోనే వేరే రకం ఉంది, వాళ్ల చట్టంలో సెక్షన్ 11(1)(బి). మూడేళ్ల దాకా ఇచ్చే వీలుంది. పోలీసు క్లియరెన్స్, మెడికల్ కాగితాలు, ఆహ్వానించే సంఘం ఉత్తరం కావాలి. వీటికే నెలలు పడుతుంది కాబట్టి టికెట్లు ముందే కొనకండి. బీపీ, షుగర్ మాత్రల చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయమని డాక్టరుగారిని అడగండి. మన పేర్లు అక్కడ పనికిరావు. పారాసిటమాల్‌ని అక్కడ అందరూ పనాడో అంటారు. మన ఏసీలకు, గీజర్లకు ఉండే లావు మూడు పిన్నుల ప్లగ్గే అక్కడ చాలా ఇళ్లలో మామూలు ప్లగ్గు. మన ఎలక్ట్రికల్ షాపులో దొరికే కన్వర్టర్లు రెండు పెట్టెలో వేసుకుంటే ఫోన్ ఛార్జర్లకు సరిపోతుంది. తేనె, నెయ్యి, విత్తనాలు, ఎండుచేపలు పెట్టకండి, ఎయిర్‌పోర్టులో తీసేసుకోవచ్చు.

పెన్షనర్లు ఇది జాగ్రత్తగా చదవండి. ఆధార్‌కి, బ్యాంకుకి ఇచ్చిన ఫోన్ నంబరు రోమింగ్‌లో బతికి ఉండాలి. ఓటీపీ రాకపోతే ఏ పనీ జరగదు. లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు, వెళ్లేలోపే ఒకసారి పిల్లల దగ్గర కూర్చుని నేర్చుకోండి. అది కుదరకపోతే డర్బన్‌లో మన కాన్సులేట్ ఉంది.

ఇక రోజు ఎలా గడపాలో చెప్తాను. డిసెంబరులో అక్కడ ఐదు కాకముందే తెల్లారిపోతుంది, సాయంత్రం ఏడు దాకా వెలుతురుంటుంది. జూన్, జులైలో చలికాలం. ఐదున్నరకల్లా చీకటి. మన రోళ్లు పగిలే ఎండల్లో బయల్దేరిన మనకు స్వెట్టర్ పెట్టుకోవాలని తట్టదు, గుర్తుపెట్టుకుని పెట్టుకోండి. నడక చర్చి ఆవరణలోనో, బీచ్ దగ్గర జనం ఉన్న చోటో పెట్టుకోవాలి. చీకటి పడ్డాక కాలినడకన బయటికి వద్దు. గేటుకి తాళం, తలుపుకి ఇనుప గ్రిల్లు, రెండూ వేసుకునే ఉండాలి. భయపెట్టడానికి చెప్పడం లేదు, అక్కడ పుట్టి పెరిగినవాళ్లూ అలాగే ఉంటారు.

పనిమనిషి ఉండదు. కాబట్టి పొద్దున పదింటికల్లా రెండు పూటల వంటా అయిపోవాలి. కూరలు తరగడం, గిన్నెలు కడగడం మావారి వంతు. ఇక్కడ ఎన్నడూ సింకు దగ్గర నిలబడని మనిషి అక్కడ నిలబడ్డారు, నేనేమీ అనలేదు. మీరూ అనకండి, మెచ్చుకోవడం కూడా వద్దు, మెచ్చుకుంటే అదేదో సాయం చేస్తున్నట్టు అయిపోతుంది. కరెంటుకి ముందే డబ్బు కట్టి ఇరవై అంకెల నంబరు తెచ్చుకుని మీటర్లో కొట్టాలి. ఆ నంబరు కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసుకుంటే కళ్లజోడుతో కుస్తీ పట్టక్కర్లేదు. కరెంటు కోతల రోజులు మళ్లీ వస్తే ఇబ్బంది లేకుండా తొమ్మిది కిలోల గ్యాస్ సిలిండరు, ఒక పొయ్యి ఉంచుకోండి. నీళ్ల విషయంలో డర్బన్‌కి ఉత్తరం వైపు ఊళ్లు చాలా ఇబ్బంది పడ్డాయి. 2022 ఏప్రిల్ వరదల్లో టోంగాట్ నీటి శుద్ధి కేంద్రం పాడై, జనం నెలల తరబడి ట్యాంకర్ల మీదే బతికారు. మీకిచ్చే ఇంట్లో జోజో ట్యాంకు ఉందో లేదో, అంటే పెరట్లో పెట్టే పెద్ద ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, ముందే అడగండి. సిగ్గుపడక్కర్లేదు.

తిండికి లోటుండదు. కరివేపాకు, చింతపండు, పచ్చిమిర్చి, వంకాయ అన్నీ దొరుకుతాయి. తోటకూరని అక్కడ హెర్బ్స్ అంటారు, పప్పులో వేసుకుంటే మన రుచే. బియ్యం మాత్రం ఎక్కువగా ఉప్పుడు బియ్యం, సన్నబియ్యం కోసం వెతుక్కోవద్దు, నాలుగు రోజుల్లో నోటికి అలవాటవుతుంది. విక్టోరియా స్ట్రీట్ మార్కెట్లో కారప్పొడుల కుప్పలు చూడండి. బాగా ఘాటైన దానికి "అత్తగారిని మట్టుపెట్టే కారం" అని బోర్డు పెట్టి అమ్ముతారు. నేను అత్తగారినే కాబట్టి కొనలేదు. ఎవరింటికి వెళ్లినా ఏదో ఒకటి తినమంటారు. బ్రెడ్డు మధ్యలో గుంట చేసి మాంసం కూర నింపే బన్నీ చౌ షుగర్ ఉన్నవాళ్లకి మంచిది కాదు. ఇద్దరికీ ఒకటే తీసుకుని పంచుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మధ్యాహ్నం ఒక గంట పడుకుని తీరాలి. అసలు పని మూడు తర్వాత మొదలవుతుంది, గృహ దర్శనాలు. చాట్స్‌వర్త్, ఫీనిక్స్ లాంటి చోట్లకి తిరగాలి. వర్ణ వివక్ష పాలనలో ఇండియన్లను పాత ఇళ్ల నుంచి లేపి తరలించిన కాలనీలవి. చాట్స్‌వర్త్ అంతా గుట్టలే. ఇల్లు రోడ్డుకి కిందో, పైనో ఉంటుంది, మెట్లు తప్పవు. మోకాళ్ల నొప్పులుంటే రోజుకి రెండిళ్లు చాలు. మూడో ఇంటికి వెళ్లి అక్కడ అలసిపోయి కూర్చుంటే వాళ్లే మనకి సేవ చేయాల్సొస్తుంది. ముందు ఫోన్ చేయాలి, ఎవరో ఒకరు కారులో దింపుతారు, వాళ్ల టైము చూసుకుని లేవాలి.

ఇంట్లోకి వెళ్లాక ఏం చేయాలి? ఎక్కువ వినాలి. మీరేమిట్లు, అమ్మాయికి ఇంకా పెళ్లి కాలేదేం, జీతమెంత, ఈ మూడూ మన నోటి చివరే ఉంటాయి. మింగేయండి. ఒకే ఇంట్లో అవ్వ దీపం పెట్టుకుంటుంది, కోడలు చర్చికి వస్తుంది, అల్లుడి పేరు నాయుడు అయ్యుంటుంది, చదివేది బైబిలే అయ్యుంటుంది. వాళ్లు దాంతో సర్దుకుని తరాలు గడిచాయి. దీపం వైపు చూసి ముఖం మార్చుకునే హక్కు మనకి లేదు. అవ్వ దగ్గర కూడా కూర్చోండి. నాకు బాగా కబుర్లు చెప్పింది అలాంటి అవ్వలే.

చావు ఇంటికి మాత్రం పిలవకపోయినా వెళ్లాలి. సాయంత్రాలు ఇంటి దగ్గర ప్రార్థన పెడతారు. అక్కడ టీ కప్పులు కడిగే చోటు వెతుక్కుని నిలబడితే, ప్రసంగంతో రాని చనువు వస్తుంది. ఈ విషయంలో మావారికి నాకూ తేడా ఉంది. ఆయన బైబిలు వాక్యం చెప్పడమే ముఖ్యమంటారు. ఆయన మాట ఆయనది.

తెలుగువాళ్లుగా మనం మాత్రమే చేయగలిగిన పని ఒకటుంది, దానికి సిద్ధపడి వెళ్లండి. మీరు ఇండియా నుంచి వచ్చారని తెలియగానే ఎవరో ఒకరు ప్లాస్టిక్ కవర్లో పెట్టిన జిరాక్సు కాగితం తీసుకొస్తారు. ముత్తాత వచ్చిన ఓడ జాబితా అది. వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉంటాయి. రాసింది ఇంగ్లీషు గుమాస్తాలు, కాబట్టి ఊరి పేరు గుర్తుపట్టడానికి వీల్లేకుండా ఉంటుంది. కళ్లతో చదవకుండా, నాలుగు రకాలుగా గట్టిగా పలికి చూడండి. ద, డ, ట మార్చి చూడండి. పేరు చివర ఉండే పాలెం, వలస, పేట లాంటివి దొరికితే సగం పని అయినట్టే. తర్వాత జిల్లా చూడండి. వైజాగపటం అని ఉంటే ఇప్పటి విశాఖ ఒక్కటే కాదు, విజయనగరం కూడా అందులోదే, ఆ జిల్లా 1979లో వేరుపడింది. గంజాం అని ఉంటే శ్రీకాకుళం వైపు వెతకాలి. నెల్లూరు అని ఉంటే ఒంగోలు వైపూ చూడాలి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. నార్త్ ఆర్కాట్ అని ఉంటే అది చిత్తూరు వైపు ఊరు కావచ్చు, చిత్తూరు జిల్లా అయింది 1911లో. ఒకే పేరుతో అయిదారు ఊళ్లు ఉంటాయి కాబట్టి "ఇదే మీ ఊరు" అని ఎప్పుడూ చెప్పకండి. "ఈ రెండిట్లో ఒకటి కావచ్చు" అని కాగితం మీద రాసివ్వండి. కులం గడి గురించి వాళ్లు అడిగితేనే మాట్లాడండి, అది కూడా ఒక్క ముక్కలో. కొందరు ఆ కాగితం పట్టుకుని మన దగ్గరే ఏడుస్తారు. వెంటనే ప్రార్థన మొదలుపెట్టకుండా కాసేపు ఊరుకోండి.

ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. మనకంటే అక్కడ మూడున్నర గంటలు వెనక. వాళ్ల రాత్రి భోజనాలయ్యాక చేస్తే ఇక్కడ మనవలు నిద్రపోతుంటారు. పొద్దున ఏడింటికి చేస్తే ఇక్కడ పదిన్నర, అందరూ ఆఫీసుల్లో. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, రెండు మూడింటి మధ్య చేస్తే ఇక్కడ సాయంత్రం. మాకు అదే కుదిరింది. రోజూ వీడియో కాల్ పెట్టుకుంటే మాత్రం మనసు ఇక్కడే ఉండిపోతుంది.

పగలూ రాత్రీ ఇద్దరే ఒకే ఇంట్లో ఉండడం కూడా అలవాటు కావాలి. ఇక్కడ ఆయనకి ఊరంతా పని, నాకు బడి, ఇల్లు. అక్కడ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే. సోమవారం సేవ పని పెట్టుకోకండి. ఆ పూట ఆయన్ని సంఘ పెద్దల్లో ఎవరితోనైనా చేపలు పట్టడానికి పంపించండి, మీరు స్త్రీల సమాజం వాళ్లతో మార్కెట్‌కి వెళ్లండి. మధ్యాహ్నం కలుసుకునేసరికి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

డబ్బు కానుకలు మీ చేతికి తీసుకోవద్దు. ఎంత బతిమాలినా ట్రెజరర్‌కి ఇచ్చి రసీదు తీసుకోమని చెప్పండి. చీర, శాలువా, ఇంట్లో చేసిన పచ్చడి అయితే తీసుకోండి, కాదంటే నొచ్చుకుంటారు. ఎవరింటికి ఎప్పుడు వెళ్లారో, ఎవరికి ఏ ఆపరేషనో, ఎవరి అబ్బాయికి ఉద్యోగం పోయిందో ఒక నోట్‌బుక్కులో తేదీతో రాసుకోండి. మీతోనే ఉంచమని చెప్పిన సంగతులు మాత్రం అందులో ఎక్కించకండి. తిరిగి వచ్చే వారం ఆ పుస్తకం పాస్టర్ గారి చేతిలో పెట్టి, మళ్లీ చూడాల్సిన ఇళ్లు ఏవో ఆయనతో కూర్చుని గుర్తు పెట్టించండి.