ఫీడ్ రీడర్ యాప్ మూతపడుతోందా? సామాను ఇలా సర్దుకోండి

పొద్దున కాజీపేటలో రైలెక్కితే, జనగామ వచ్చేలోపు నాకిష్టమైన సైట్లన్నీ ఓ చుట్టు చుట్టేసేవాణ్ని. సైట్లలో కొత్తగా వచ్చినవన్నీ ఒకేచోట చూపించి ఆ పని చేసిపెట్టే ఫీడ్ రీడర్ యాప్ మొన్న నోటీసు ఇచ్చింది, నెలాఖరుకు మూసేస్తున్నారట. నాకిది మూడోసారి. 2005లో వచ్చిన గూగుల్ రీడర్ 2013 జూలై 1న ఆగిపోయినప్పుడు, తెలుగు బ్లాగులు చదివే నాలాంటివాళ్లం ఎటు పోవాలో తెలియక దిక్కులు చూశాం. ఇప్పుడంత టెన్షన్ లేదు. అద్దె ఇల్లు మారినట్టే, ఏది ముందు సర్దాలో తెలిస్తే చాలు.

కోపంతో యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. అది చిట్టచివరి పని. డబ్బు కట్టి వాడుతుంటే మాత్రం ఈరోజే ప్లే స్టోర్‌లోకి వెళ్లి సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయండి. యాప్ తీసేసినంత మాత్రాన అది దానంతటదే ఆగదు.

1. చిరునామాలు తీసుకోండి

సెట్టింగ్స్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ అని ఉంటుంది. ఫోన్‌లో కనిపించకపోతే కంప్యూటర్‌లో ఆ యాప్ వెబ్‌సైట్ తెరిచి వెతకండి. అది ఓపీఎంఎల్ అనే ఫైలు ఇస్తుంది. మీరు చూసే సైట్ల ఫీడ్ చిరునామాలు (కొత్త వ్యాసాలను యాప్ తెచ్చుకునే లింకులు), మీరు పెట్టుకున్న ఫోల్డర్ల పేర్లు అందులో ఉంటాయి. నాకు 143 ఫీడ్లున్నా ఫైలు 40 కేబీ దాటలేదు. దాన్ని ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి, తెలిసిన సైట్ల పేర్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి. ఆ తర్వాత మీ మెయిల్‌కు మీరే పంపుకోండి.

2. స్టార్ కొట్టినవి విడిగా దాచుకోండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడే, నేనూ తిన్నాను. రెండో యాప్ మూతపడేటప్పుడు ఓపీఎంఎల్ చేతిలో ఉంది కదా అని నిమ్మళంగా కూర్చున్నా. కొత్త యాప్‌లో ఫీడ్లన్నీ వచ్చాయి. ఆరేళ్లుగా స్టార్ కొట్టుకున్న వ్యాసాలు మాత్రం ఒక్కటీ రాలేదు. ఓపీఎంఎల్ అంటే చిరునామాల పుస్తకం, అంతే. ఆ ఇళ్లలో మీరేం చదివారో, ఏది దాచుకున్నారో దానికి పట్టదు.

దాచుకున్నవాటికి వేరే ఎక్స్‌పోర్ట్ ఉందేమో చూడండి. లేకపోతే ఒక ఆదివారం దీనికే కేటాయించండి. ఒక్కో వ్యాసాన్ని బ్రౌజర్‌లో తెరిచి, ప్రింట్ నొక్కి, పీడీఎఫ్‌గా సేవ్ చేయడమే. లింకు ఒక్కటే రాసుకుంటే సరిపోదు, పాత బ్లాగులు చెప్పాపెట్టకుండా మాయమవుతుంటాయి. ఇప్పటికే లింకు చచ్చిపోయి ఉంటే పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి. నాకలా కొన్ని దొరికాయి.

3. కొత్త ఇల్లు చూసుకోండి

ఆండ్రాయిడ్‌లో ఫీడర్, ఐఫోన్‌లో నెట్‌న్యూస్‌వైర్ ఉచితం. రెండూ ఓపెన్ సోర్స్, అంటే వాటి కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఫీడర్‌కు ఖాతా కూడా అక్కర్లేదు, అంతా ఫోన్‌లోనే ఉంటుంది. అయితే ఫోన్ పోతే ఫీడ్లూ పోతాయి. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ చదివేవాళ్లకు ఫీడ్లీ, ఐనోరీడర్ లాంటివి నయం, కాకపోతే ఉచిత ఖాతాలో ఇన్ని ఫీడ్లే అని పరిమితి ఉంటుంది. రైల్లో చదివే అలవాటుంటే ఆఫ్‌లైన్ సంగతి కనుక్కున్నాకే చేరండి. రఘునాథపల్లి దగ్గర సిగ్నల్ పోయి ఖాళీ స్క్రీన్ చూసినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

4. ఇంపోర్ట్ చేసి, వారం రోజులు రెండూ వాడండి

కొత్త యాప్‌లో ‘ఇంపోర్ట్’ నొక్కి ఓపీఎంఎల్ ఫైలు చూపిస్తే చాలు. మొదటిరోజు వేలల్లో చదవనివి కనిపిస్తాయి, కంగారుపడకండి. అన్నీ చదివేసినట్టు మార్క్ చేసేయండి. పాతదాంట్లో వస్తూ కొత్తదాంట్లో రానివి ఉంటే చేత్తో చేర్చుకోవాలి. వర్డ్‌ప్రెస్ బ్లాగులకైతే చిరునామా చివర స్లాష్ పెట్టి ఇంగ్లిష్‌లో ఫీడ్ అని రాస్తే చాలావరకు దొరుకుతుంది. ఏళ్ల తరబడి ఏమీ రాయని బ్లాగులను తీసేయాలనిపిస్తుంది. నేను తీయను. నాలుగేళ్లు పలకని బ్లాగొకటి పోయిన సంక్రాంతికి ఉన్నట్టుండి పలికింది.

5. ఖాతా తొలగించండి

వారం గడిచాక పాత ఖాతాను సెట్టింగ్స్‌లోంచి డిలీట్ చేసి, అప్పుడు యాప్ తీసేయండి. పాత ఐకాన్ ఉన్న చోటే కొత్తది పెట్టుకోండి. రైలు కదలగానే బొటనవేలు ఎలాగూ అక్కడికే పోతుంది.