పిన్‌కోడ్‌ని కారణాంకాలుగా విడగొట్టడం ఎలా

విజయనగరంలో నా ట్యూషన్‌కి వచ్చే పిల్లలకి కారణాంకాలు నేర్పేటప్పుడు పుస్తకంలో లెక్క ఇవ్వను. మన పిన్‌కోడ్ 535002 ఇస్తాను. ఆన్‌లైన్‌లో ఏది తెప్పించుకున్నా కొట్టే నంబరే, కానీ దాని లోపల ఏముందో ఎవరూ చూడరు.

ముందు తేలికైనవి కానిచ్చేయండి. చివర 2 ఉంది, సరి సంఖ్య. అంకెల మొత్తం 15, కాబట్టి 3 పోతుంది. రెండూ తీసేస్తే 89,167. మళ్లీ అంకెలు కూడితే 31, ఇక 3 పోదు. చివర 7 కాబట్టి 5 సంగతి అడగక్కర్లేదు.

తర్వాత 7, 11, 13. మూడింటినీ ఒక్క దెబ్బకి చూడొచ్చు, ఎందుకంటే 7×11×13 = 1001. మొదటి సంఖ్యనే తీసుకుని చివర్నుంచి మూడేసి అంకెలు విడదీయండి: 535, 002. ఇక్కడే పిల్లలు తడబడతారు. మనకి లక్షల దగ్గర కామా పెట్టడం అలవాటు కదా, 5,35,002 అని రాసి 35 పట్టుకుంటారు. ఆ కామా మర్చిపోండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 533. వెయ్యి అంటే 1001 కంటే ఒకటి తక్కువ, అందుకే ఈ తీసివేత పనిచేస్తుంది. 533లో 7 పోదు, 11 పోదు. 13×41 మాత్రం సరిగ్గా 533.

89,167ని 13తో భాగిస్తే 6,859. ఇప్పుడు ఎంతదాకా వెతకాలి? ఒక గుంటడు "731 దాకా కదేటి మేష్టారూ" అన్నాడు. 535002 వర్గమూలం అంతే మరి. కానీ సంఖ్య తగ్గిన ప్రతిసారీ హద్దు కూడా తగ్గుతుంది. 83 వర్గం 6,889, అంటే ఇక 82 దాటక్కర్లేదు. సగం టెన్షన్ ఇక్కడే తీరిపోతుంది.

13 మళ్లీ పోదు, 17 పోదు. 19కి చివరి అంకెని రెట్టింపు చేసి మిగతాదానికి కలపాలి: 685+18 = 703. మళ్లీ 70+6 = 76. అది 19×4. భాగిస్తే 361, అంటే 19×19. మొత్తం మీద 535002 = 2×3×13×19³. మన పిన్‌కోడ్‌లో ఇంత చక్కటి ఘనం దాక్కుందంటే నాకైతే ఇప్పటికీ ముచ్చటే.

భాజకాలెన్నో కావాలా? ఘాతాలు 1, 1, 1, 3. ఒక్కోదానికి ఒకటి కలిపి గుణిస్తే 2×2×2×4 = 32.

పక్కనున్న 535003 మీరే చేయండి. 535లోంచి 3 తీస్తే 532, అందులో 7 పోతుంది. మిగిలే 76,429లో తర్వాతి కారణాంకం 23. ఆపైన 3,323 మిగులుతుంది. దానికి 57 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. ఏదీ పోదు, అది ప్రధాన సంఖ్యే.